జమ్మి, సర్కారు తుమ్మ: బడంగ్‌పేట్ నేల మీద ఒక పోలిక

బడంగ్‌పేట్ నుంచి నాదర్‌గుల్ వైపు వెళ్లినా, అల్మాస్‌గూడ మీదుగా గుర్రంగూడ వైపు తిరిగినా, ఇల్లు లేవని ఖాళీ ప్లాట్లలో ఎక్కువగా కనిపించే చెట్టు సర్కారు తుమ్మ. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. హద్దురాళ్లను కప్పేసి, ప్రహరీ మీదుగా రోడ్డు మీదికి ముళ్లకొమ్మలు చాచి, మే నెల ఎండలో కూడా పచ్చగా నిలబడి ఉంటుంది. దసరా నాడు ఇవే ఊళ్లలో జనం వెతికేది మాత్రం జమ్మి. ఒకప్పుడు చేను గట్టున ఉండే ఆ చెట్టు గట్టుతో పాటే పోయింది. చేలు లేఅవుట్లయ్యాక గట్లకు చోటెక్కడ?

ఈ రెండు చెట్లను పక్కపక్కన నిలబెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వృక్షశాస్త్రం వీటిని మొన్నమొన్నటి దాకా దాయాదులుగానే లెక్కపెట్టింది. లినేయస్ 1767లో ప్రొసోపిస్ అనే ప్రజాతిని నెలకొల్పింది మన జమ్మి ఆధారంగానే. తర్వాతి కాలంలో అమెరికా ఖండాల్లోని ముళ్లచెట్లను డజన్ల కొద్దీ తెచ్చి అందులోనే చేర్చారు. అలా జమ్మి ప్రొసోపిస్ సినరేరియా, సర్కారు తుమ్మ ప్రొసోపిస్ జూలిఫ్లోరా అయ్యాయి. 2022లో శాస్త్రవేత్తలు జన్యువుల సాక్ష్యంతో ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడదీశారు. జమ్మి ప్రొసోపిస్‌గానే మిగిలింది, సర్కారు తుమ్మ నెల్టుమా జూలిఫ్లోరాగా మారింది. చూపుకు దగ్గరగా ఉండి నడతలో ఇంత దూరమైన జంట మరొకటి దొరకడం కష్టం. అందుకే ఏ చెట్టు నాటాలన్న చర్చకు ఇంతకన్నా మంచి మొదలు నాకు తోచలేదు.

ముందు రూపం. రెంటికీ చింతాకును గుర్తుచేసే సన్నటి ఆకులే, కంకుల్లా వేలాడే లేత పసుపు పూలే, ముళ్లూ రెంటికీ ఉన్నాయి. తేడా తెలియాలంటే ముల్లు ఎక్కడ పుట్టిందో చూడాలి. సర్కారు తుమ్మకు ఆకు మొలిచే కణుపు దగ్గర జంటగా, పొడుగ్గా, నిటారుగా ముళ్లు వస్తాయి. టైరులో దిగేవి, గొర్రెల కాపరి చెప్పును చీల్చుకుని పాదంలో విరిగేవి ఇవే. జమ్మి ముల్లు పొట్టిది, అడుగున లావుగా మొన దగ్గర సన్నగా ఉంటుంది. కణుపు దగ్గర కాకుండా రెండు కణుపుల నడుమ కొమ్మ పొడవునా అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటుంది. సర్కారు తుమ్మ ఆకులో చిట్టి ఆకులు సన్నగా పొడుగ్గా, ముదురు పచ్చగా ఉంటే, జమ్మివి చిన్నగా, బూడిద పూసినట్టు ఉంటాయి. జమ్మి బెరడు ముదిరేకొద్దీ లోతుగా పగుళ్లిస్తుంది. కాయ చూస్తే ఇక అనుమానమే ఉండదు. జమ్మికాయ సన్నగా గుండ్రంగా కిందికి వేలాడుతుంది. సర్కారు తుమ్మ కాయ పండితే గడ్డి రంగుకు తిరిగి, తియ్యటి గుజ్జుతో బలుస్తుంది. కథంతా ఆ తీపిలోనే ఉంది.

మేకలు సర్కారు తుమ్మ ఆకు ముట్టవు. కాయను మాత్రం ఏరి ఏరి తింటాయి. లోపలి గింజ గట్టిది, నమిలినా అరగదు. కడుపులో పెంకు మెత్తబడి, పెంటికలో పడి, మరో చేలో మొలుస్తుంది. పశువు తన ఆకు తినకుండా చూసుకుని, అదే పశువు చేత విత్తనం మోయించుకునే ఏర్పాటు ఇది. జమ్మి తీరు వేరు. ఆకును మేకలు, గొర్రెలు, ఒంటెలు ఇష్టంగా తింటాయి. అందుకే జమ్మి మొక్క పెద్దది కావాలంటే మొదటి కొన్నేళ్లు మనిషి కాపలా తప్పదు. చేను గట్టున రైతు కన్ను వేసి ఉంచినన్నాళ్లు అది బతికింది.

నీడ కింద ఏముందో చూడటం నా దృష్టిలో చెట్టుకు పెట్టాల్సిన అసలు పరీక్ష. రాజస్థాన్‌లో సజ్జ చేల మధ్య జమ్మిని రైతులు కావాలనే ఉంచుకుంటారు. దాని తల్లివేరు పదుల మీటర్ల లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటుంది కాబట్టి పైపొరలోని తేమ కోసం పైరుతో అంతగా పోటీ పడదు. పలచటి నీడ ఎండను పూర్తిగా ఆపదు. రాలిన ఆకు నేలకు సేంద్రియ పదార్థాన్నీ నత్రజనినీ ఇస్తుంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కమండల పరిశోధన సంస్థ, కాజ్రీ, ఎడారి సేద్యంలో ఈ చెట్టు విలువను ఏళ్ల తరబడి నమోదు చేసింది. సర్కారు తుమ్మ వేరు కూడా నత్రజనిని స్థిరపరుస్తుంది, ఆ మేరకు రెండూ సమానమే. కానీ దాని ఆకుల్లోని రసాయనాలు ఇతర విత్తనాలను మొలకెత్తనివ్వవు. గుబురు కింద గరికకు కూడా చోటుండదు. బడంగ్‌పేట్‌లో పదేళ్లుగా తుమ్మ కమ్ముకున్న ప్లాటును జేసీబీతో శుభ్రం చేయించిన వారికి ఆ వట్టి నేల గుర్తుండే ఉంటుంది.

ఇంతవరకూ చదివినవారు నేను ఒక వైపుకే మొగ్గుతున్నానని అనుకోవచ్చు. మొగ్గుతున్నాను, దాచను. అయినా సర్కారు తుమ్మకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. అది తనంతట తాను సముద్రాలు దాటి రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర విభాగపు అటవీ సంరక్షకుడిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ 1876లో ఈ విత్తనాలు తెప్పించాలని ప్రభుత్వానికి సూచించాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో ఈ చెట్టు చరిత్ర మన తెలుగు నేల మీదే మొదలైంది. అప్పటి అవసరం కూడా చిన్నదేమీ కాదు. దక్షిణాదిని మహాకరువు పీడిస్తున్న రోజులవి. అడవులు కరిగిపోతున్నాయి, వంటచెరకుకు కటకటగా ఉంది. చవుడు నేలలో, రాళ్లగుట్టల్లో, నీళ్లు లేని చోట బతికి, నరికినకొద్దీ చిగురించే చెట్టు ఆ కాలానికి వరంలా కనిపించి ఉంటుంది.

ఆ వరం చాలామందికి నిజంగానే అందింది. గ్యాస్ సిలిండర్ రాక ముందు పేదింటి పొయ్యి ఈ కట్టెతోనే మండింది. చిదుగులు ఏరుకొచ్చే ఆడవాళ్లను ఏ అటవీ సిబ్బందీ ఈ చెట్టు కోసం అడ్డుకోలేదు. దీని బొగ్గుకు మంచి గిరాకీ, బొగ్గు బట్టీల మీద బతికిన కుటుంబాలు ఎన్నో. తేనెటీగలకు దీని పువ్వు మంచి మేత. ఎవరికీ పట్టని బీడు మీద ఎవరూ లేనివారికి ఆసరాగా నిలిచిన చెట్టు ఇది. దాన్ని పూర్తిగా పీకేయాలని మాట్లాడేవారు ఆ కట్టె మీద వండుకున్నవారిని కూడా తలచుకోవాలి.

సమస్య అది ఆగకపోవడంతోనే వచ్చింది. కెన్యాలో 1980ల మొదట్లో వంటచెరకు కోసమే బరింగో ప్రాంతంలో దీన్ని నాటారు. పాతికేళ్లు తిరిగేసరికి మేతభూములు ముళ్లకంచెలయ్యాయి. తియ్యటి కాయలు తినీ తినీ మేకల పళ్లు ఊడిపోయాయి. ఇల్చామస్ తెగ పశువుల కాపరులు పళ్లు లేని మేకను సాక్ష్యంగా కోర్టుకు తీసుకెళ్లారు. ఇథియోపియాలోని అఫార్ కాపరులదీ ఇదే గోడు. తమిళనాడులో దీన్ని తొలగించాలని మద్రాసు హైకోర్టు ఆదేశాలిచ్చే దాకా వచ్చింది. ఇక్కడ మన చెరువు శిఖాల్లో, నాలాల ఒడ్డున అది చేస్తున్న పని కూడా అదే. నీళ్లు తగ్గిన ప్రతి ఎండాకాలం అది కొంచెం ముందుకు జరుగుతుంది. మళ్లీ నీళ్లొచ్చే వేళకు ఒక కొత్త గుబురు నిలబడి ఉంటుంది.

మరి జమ్మిని ప్రపంచం ఎలా చూసింది? 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో జమ్మిచెట్లు నరకడానికి వచ్చిన రాజభటులకు బిష్ణోయి మతశాఖకు చెందిన అమృతాదేవి అడ్డుపడింది. చెట్లను కౌగిలించుకుని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. బహ్రెయిన్ ఎడారిలో చుట్టుపక్కల పచ్చనాకు లేని చోట ఒంటరిగా నిలిచిన ‘జీవవృక్షం’ జమ్మే. దాని వయసు దాదాపు 400 ఏళ్లని చెబుతారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2008లో దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకుంది, అక్కడ దాని పేరు గాఫ్. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టుగా మనకు అది పురాణకాలం నుంచీ తెలుసు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ కూడా జమ్మినే రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దల కాళ్లకు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకునే ఊళ్లు మనవి.

గల్ఫ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మూడో చెట్టును ఇక్కడికి పిలవక తప్పదు. కోనోకార్పస్. దీంట్లో ఒక జాతి సొంతూరు సోమాలియా, యెమెన్ తీరాలు. ఎడారి నగరాల రోడ్లను వేగంగా పచ్చగా చేయడానికి గల్ఫ్ దేశాలు దీన్ని విపరీతంగా నాటాయి. తర్వాత దీని వేర్లు నీటి పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి దూరుతున్నాయని తలలు పట్టుకున్నాయి. 2015 జులై 3న మన జిల్లాలోనే చిలుకూరులో ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఇదే కోనోకార్పస్ మన డివైడర్ల మీద, పార్కుల అంచుల వెంట బారులు తీరింది. గల్ఫ్ తన గౌరవచిహ్నంగా మన జమ్మిని ఎంచుకుంది. మనం గల్ఫ్ వదిలించుకోవాలని చూస్తున్న చెట్టును మన వీధుల్లోకి తెచ్చుకున్నాం. ఈ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది.

2022లో తెలంగాణ ప్రభుత్వం కోనోకార్పస్ నాటవద్దని ఆదేశించింది, 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. దీని పుప్పొడి వల్ల ఊపిరి సమస్యలు వస్తాయన్న మాట ఊరంతా తిరుగుతోంది. దాని మీద నిపుణుల మధ్య వాదం ఉంది, ఆ వాదంలోకి నేను వెళ్లను. నా అభ్యంతరానికి పుప్పొడితో పని లేదు. దాని ఆకును ఇక్కడి పశువులు పెద్దగా ముట్టవు, కాయ పిట్టకు పనికిరాదు, కొమ్మ గూటికి పెద్దగా ఒదగదు. గోడలా కత్తిరించి నిలబెట్టడానికి తప్ప దానికి ఈ ఊరితో సంబంధం ఏర్పడలేదు.

ఇలాంటి చెట్టు ఇంత సులువుగా ఎలా గెలిచింది? జవాబు మనం పెట్టుకున్న కొలమానంలో ఉందని నా నమ్మకం. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను వార్డు సభ్యుల మీద, అధికారుల మీద పెట్టింది. బతకకపోతే పదవికే ముప్పు. ఉద్దేశం మంచిదే. మొక్కలు నాటి ఫోటో దిగి వదిలేసే అలవాటుకు అది మందు. కానీ లెక్క తలల మీద పెట్టినప్పుడు నాటేవాడు వెతికేది ఒకటే: పశువు ముట్టనిది, నీళ్లు తక్కువైనా బతికేది, ఏడాది పొడవునా పచ్చగా కనిపించేది. కోనోకార్పస్ ఆ మూడింటికీ సరిపోతుంది. పాలు కారే ఏడాకుల చెట్టును కూడా పశువు ముట్టదు. అదీ అలాగే వీధుల్లో పెరిగింది. ఏడాకుల చెట్టు మన దేశపుదే, అయినా దాని అసలు చోటు వాన ఎక్కువ కురిసే తేమ అడవులు. దక్కన్ రాతినేల మీది కాలనీ గేటు ముందు దానికి పనేమిటి? శరదృతువులో దాని పూల ఘాటుకు కిటికీలు మూసుకునేవారు ఉన్నారు. ‘దేశీ’ అన్న ముద్ర ఒక్కటే ఎంపికకు చాలదనడానికి ఇదొక సాక్ష్యం.

కొలమానం అలా ఉంది కాబట్టి వేరే దారి లేదని ఎవరైనా అంటే వారి ముందు కానుగను నిలబెడతాను. కానుగ ఆకును కూడా పశువులు అంతగా ఇష్టపడవు. ఎర్రచెల్కలో, మొరంలో బతుకుతుంది. చలికాలం చివర ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు లేత చిగుళ్లతో కమ్ముకుంటుంది. సరిగ్గా మనిషికి నీడ కావాల్సిన నెలల్లోనే దాని నీడ చిక్కబడుతుంది. లేత ఊదా పూలు రాలి కాలిబాట నిండుతుంది, తేనెటీగలు ముసురుతాయి. రైతు దాని రొట్టను వరిమడిలో తొక్కాడు, గింజ నూనెతో దీపం వెలిగించాడు, చెక్కను ఎరువుగా వేశాడు. 85 శాతం లెక్కలో కోనోకార్పస్‌తో దీటుగా నిలబడగల చెట్టు మన ఇంటి ముందే ఉంది. కోనోకార్పస్‌ను ఎంచుకోవడం తప్పనిసరి అయిన రోజు ఎప్పుడూ లేదు.

ఇదంతా చదివి పరదేశపు చెట్టల్లా పరాయిదే అని నిర్ణయించుకోవద్దు. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని చాలామంది పండితుల మాట. చింతచిగురు పప్పు, చింతపండు పులుసు లేని తెలుగు ఇల్లు ఏది? 1908 సెప్టెంబరు 28న మూసీ పోటెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. గోల్కొండ నయాఖిల్లాలో ఏనుగంత బోదెతో నిలిచిన బావోబాబ్ కూడా ఆఫ్రికా బిడ్డే, దాన్ని పరాయిదని పిలవడానికి నాకు నోరు రాదు. శతాబ్దాల పాటు మన గాలి పీల్చి, తన సంతతితో పక్క చేనును ఆక్రమించకుండా, మనిషితో పిట్టతో పొత్తు కలుపుకున్న చెట్టు ఎక్కడ పుడితేనేం?

గుల్‌మొహర్‌ది మధ్యస్థ స్థానం. మడగాస్కర్ నుంచి వచ్చింది, వేసవిలో వీధికి ఎర్ర పందిరి వేస్తుంది, మన దగ్గర దండయాత్ర చేయలేదు. పైపైన పాకే వేర్లతో తొలకరి ఈదురుగాలికి కార్ల మీద కూలడమే దాని లోపం. దాని పక్కన మన మోదుగను పెడితే అందంలో ఏమీ తీసిపోదు. హోలీకి రంగు, భోజనానికి విస్తరి, లక్క పురుగుకు ఆశ్రయం అదనం. నిదానంగా, వంకరగా పెరుగుతుంది కాబట్టి నర్సరీల్లో దాన్ని అడిగేవారు తక్కువ. వీధికి కాకపోయినా పార్కుకు మోదుగే నా ఓటు.

అయితే స్థానికమైనదాన్ని కూడా ఒకటే వరుసగా నాటితే ముప్పు తప్పదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చివళ్ల నుంచి ఎండిపోవడం చూశాం. శిలీంధ్రం సోకి కొమ్మకొమ్మా మాడింది. చాలా చెట్లు తర్వాతి వేసవికి కోలుకున్నాయి. ఆ ఏడాది వేపలు మాత్రమే ఉన్న వీధులు బోసిపోయాయి. పక్కన కానుగ, రావి, నేరేడు ఉన్న చోట అంత తెలియలేదు. ఊరికి చెట్లు కావాలంటే ఒక జాతి కాదు, ఒక పంక్తి భోజనంలా పలు జాతులు కావాలి.

ఇక మళ్లీ జమ్మి దగ్గరికి వస్తాను, దాని లోపాలు కూడా చెప్పాలి. అది నెమ్మదిగా పెరుగుతుంది. చిక్కటి నీడనివ్వదు. చిన్నదైనా ముల్లు ముల్లే, పిల్లలు నడిచే ఇరుకు కాలిబాట మీద దాన్ని నాటమని నేను అనను. దానికి వెడల్పు కావాలి: చెరువుకట్ట వాలు, లేఅవుట్‌లో వదిలిన ఖాళీ జాగా, గుడి ఆవరణ, బడి ప్రహరీ లోపలి మూల. బడంగ్‌పేట్ 2020 జనవరిలో కార్పొరేషన్‌గా ఎన్నికలు చూసిన పట్టణం. దాని లోపల ఇలాంటి జాగాలు ఇంకా మిగిలి ఉన్నాయి. పదేళ్లాగితే ఉంటాయని నమ్మకం లేదు.

దసరాకు మనం జమ్మికి చేస్తున్నది కూడా ఆలోచించాలి. కాలనీల్లో చెట్టు లేదు కాబట్టి ఎక్కడో ఊరవతల మిగిలిన జమ్మి కొమ్మలు నరికి తెచ్చి, మైదానంలో పాతి, పూజ చేసి, ఆకులు దూసుకుంటున్నాం. మర్నాటికి ఆ కొమ్మ ఎండుపుల్ల. పూజించే చెట్టును పూజ కోసమే ఏటా నరకడం నాకు మింగుడుపడదు. 2021లో గ్రీన్ ఇండియా చాలెంజ్ వారు ఊరూరికో జమ్మి, గుడిగుడికో జమ్మి అని పిలుపునిచ్చారు. అది ప్రతి కాలనీ సంఘం చేతిలోకి రావాల్సిన పని.

ఇక సర్కారు తుమ్మను తీసేయడం సంగతి. దాన్ని పైపైన నరికితే ప్రయోజనం లేదు, నరికిన మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. చిగురించే మొగ్గలు నేలమట్టానికి కొంచెం కింద వేరుమొదలులో ఉంటాయి కాబట్టి జానెడు, జానెడున్నర లోతు వరకూ తవ్వి ఆ మొదలును పీకాలి. కాయలు పండకముందే ఆ పని జరగాలి, తర్వాత రెండు మూడు వానాకాలాలు మొలకలను చేత్తో పీకుతూ ఉండాలి. కట్టెను అవసరమున్నవారికి ఇవ్వండి. ఖాళీ అయిన నేలను ఖాళీగా వదలొద్దు, వదిలితే తుమ్మే మళ్లీ వస్తుంది.

బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్, మామిడిపల్లి కాలనీ సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. ఈ వానాకాలం నర్సరీ నుంచి మొక్కల బండి వచ్చినప్పుడు ఎన్ని వచ్చాయని కాకుండా ఏవి వచ్చాయని అడగండి. వీధికి కానుగ, వేప, నేరేడు కలిపి అడగండి. పార్కుకు మోదుగ అడగండి. మీ కాలనీలో అన్నిటికన్నా విశాలమైన జాగాలో ఒక్క జమ్మి నాటి, మేకలు అందుకోని ఎత్తు దాటే దాకా చుట్టూ కంచె కట్టి కాపాడండి. అది ఎదిగేదాకా దసరాకు కొమ్మ నరికి తేవడం మానండి.